ఆనందమ్మ బెల్లం

మా చిన్నాయన కొడుకు జోయల్ నన్ను రోడ్డు పాలు చేశాడు. ఈ మాట మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. పాకాల సంతలో ఎవరిని అడిగినా "జోయలా? వాడు కుక్కనైనా అదిలించని మనిషి కదబ్బా" అంటారు. నా అనుమానమంతా అక్కడే. అందరికీ మంచివాడుగా ఉండటానికి మనిషికి చాలా ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. వాడు నా దగ్గర రాబట్టుకున్నాడు.

పాకాల నుంచి చిత్తూరు పోయే రోడ్డు మా ఊరి దగ్గర వంపు తిరుగుతుంది. ఆ వంపులో మాకు కొంత నేల ఉండేది. అందులో మా తాత వేసిన బెల్లం గానుగ, చెరుకాకు కప్పిన కొట్టం, వాకిట్లో ఒక నల్లబండ. పంపకాల్లో అది నాకు వచ్చింది. బోరు ఉన్న మడి జోయల్‌కు పోయింది. నీళ్ళు వాడికి, రోడ్డు నాకు. ఆ రోజే వాడు నవ్వుతూ అన్నాడు: "నీదే మంచి భాగం అన్నా. బోరు ఎప్పుడో ఒకనాడు ఎండిపోతాది. రోడ్డు యాడికి పోతాది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ నేల మీద వాడి కన్ను అప్పుడే పడింది.

ఆ నల్లబండ మీద మా అమ్మ ఆనందమ్మ కూర్చునేది. గానుగ ఆడినన్నాళ్ళూ ఆమె పక్కన ఒక బిందె, చేతిలో ఇత్తడి చెంబు. బస్సు దిగినవాళ్ళు, గొర్రెల కాపర్లు, లారీ డ్రైవర్లు, ఎవరు ఆ వంపులో కనిపించినా "రా నాయనా, చెరుకు పాలు తాగి పో" అనేది. గానుగ దగ్గరికి వచ్చినవాణ్ణి నోరు తడపకుండా పంపడం మా వైపు లేదు. ఆమె పోయాక కూడా ఆ బండ మీద బిందె, చెంబు అట్లాగే పెట్టేవాళ్ళం.

ఇంకొకటి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. పాకం వచ్చిన పెనాన్ని పొయ్యి మీద నుంచి దించి తొట్టిలో ఒంపాలంటే ఆరుగురు కావాలి. సీజనంతా ఆరుగురిని కూలికి పెట్టుకునే స్తోమత ఏ రైతుకూ లేదు. అందుకని పాకం ముదిరే వేళకు గానుగ రైతు వాకిట్లోకి వచ్చి "పెనమోయ్!" అని కేక పెడతాడు. ఆ కేక చెవిన పడినవాడు కలుపు తీస్తున్నా సరే, బావమరిదితో కొట్లాడుతున్నా సరే, వదిలేసి పరిగెత్తి రావాలి. వచ్చి పెనం చెవుల్లో దూర్చిన కడ్డీ పట్టాలి. పట్టినందుకు కూలి లేదు. వేడి బెల్లం ఆకులో వేయించుకుని తింటాడు, పిల్లలకు ఒక ముద్ద పట్టుకుపోతాడు. అంతే. మా నాయన, చిన్నాయన మాటల్లేకుండా ఉన్న రోజుల్లో కూడా ఒకే కడ్డీకి చెరో కొస పట్టారు. దించి, మూతి తుడుచుకుని, మళ్ళీ మొహాలు తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇక హృషీకేశ్ సంగతి. అతణ్ణి తెచ్చింది జోయలే.

ఒక రోజు వాడు తన బండి వెనక ఒక తెల్లటి మనిషిని కూర్చోబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నుదుట సన్నగా తిరుమణి గీత, కాళ్ళకు ఖరీదైన బూట్లు.

"అన్నా, ఈయన హృషీకేశ్. తిరపతి. వాళ్ళ నాయన ముకుందం గారు దేవస్థానం ఆఫీసులో చేస్తాడు. బెంగుళూరులో పెద్ద ఉద్యోగం వదిలేసి వచ్చినాడు. మన బెల్లం గురించి మాట్లాడాల అంట."

"కొనేదానికా, మాట్లాడేదానికా?" అన్నాను.

"ముందు మాట్లాడదామని అన్నా" అన్నాడు అతను.

"మాటలు మా కాడ ఊరికేనే దొరుకుతాయి సామీ. గోతం తెచ్చుకుంటివా?"

అతను నవ్వాడు. తిరుపతిలో కూర్చున్నచోట జీతం వచ్చే ఇంట్లో పుట్టి, బెంగుళూరులో ఏసీలో పనిచేసి, మా పిప్పి కుప్పల్లోకి వచ్చి నవ్వే మనిషిని నేను ఎట్లా నమ్మాలి? నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మానేసినా, నవ్వుకు వెనక ఏదో ఒక లెక్క ఉంటుందని తెలిసేంత చదువుకున్నాను.

నా భార్య అమల అతనికి చెరుకు పాలు ఇచ్చింది. దాంతో ఇంట్లోకని పక్కన పెట్టుకున్న బెల్లం ముక్క కూడా పెట్టింది. మండీకి పోయే బెల్లం పసుపుపచ్చగా మెరవాలి. మెరవడానికి పాకంలో తెల్లమందు వేస్తాం. మెరవకపోతే మండీలో గోతం విప్పి చూసి మూతి తిప్పుతారు. ఇంట్లోకి మాత్రం మందు వేయకుండా తీస్తాం, అది ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

అతను ఆ ముక్క చప్పరించి, ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.

"ఇది ఎందుకు అమ్మరు?"

"నల్లగా ఉండాది కదా. ఎవురు కొంటారు?"

"మరి మీరెందుకు తింటారు?"

అమల పైట నోటికి అడ్డం పెట్టుకుని "కొనేవాళ్ళకు రంగు, మాకు బెల్లం సామీ" అంది. జోయల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పుడు చెప్పాడు అతని ఆలోచన. మందు లేని బెల్లం. చిన్న చిన్న ముక్కలుగా అచ్చు పోయాలి. శొంఠి వేసింది కొంత, మిరియాలు వేసింది కొంత. మండీకి ఒక్క గోతం కూడా పంపకూడదు, నేరుగా తినేవాడికే అమ్మాలి. దానికొక పేరు ఉండాలి, ఆ పేరుకొక మొహం ఉండాలి. గోడ మీద మా అమ్మ ఫోటో చూపించాడు. ఎవరో దారిన పోయేవాడు తీసి పంపిన ఫోటో అది, బండ మీద కూర్చుని చెంబు ముందుకు చాపుతూ.

"ఆనందమ్మ బెల్లం" అన్నాడు.

నేను పోయి ఫోటోకు అడ్డంగా నిలబడ్డాను.

"మా యమ్మను అట్టపెట్టె మీద వేస్తావా? బెల్లం అయిపోయినాక ఆ పెట్టె యాడ పారేస్తారు? కాలవలోనా?"

లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. పీడ పోయిందనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, చేతిలో ఒక రేకు డబ్బా.

"డబ్బా ఎవరూ పారేయరన్నా. బెల్లం అయిపోతే పప్పు పోసుకుంటారు. మీ అమ్మ వాళ్ళ వంటింట్లోనే ఉంటుంది."

ఇంత ఓపికగా నన్ను ఒప్పించాల్సిన అవసరం అతనికి ఏముంది? ఆ రాత్రి అమలను అదే అడిగాను. "నీకు మంచి జరుగుతాదంటే కూడా గుబులేనా అయ్యా?" అని అటు తిరిగి పడుకుంది.

డబ్బాలకు, అచ్చులకు, కొత్త పెనానికి పెట్టుబడి కావాలి. జోయల్ వచ్చి బండ మీద కూర్చున్నాడు.

"సగం నేను పెడతా అన్నా. నా చెరుకు కూడా ఈ గానుగకే కదా వచ్చేది. ఆనందమ్మ నాకు పెద్దమ్మ. నీళ్ళు పోసి పెంచింది నన్ను కూడా."

చూశారా, వరస ఎట్లా కలిపాడో. సగం పెట్టుబడి పెడితే సగం పేరు, సగం పేరు వస్తే సగం గానుగ, ఆ తరవాత సగం రోడ్డు. వాడి నోట్లోంచి మాట వస్తుంటే నాకు సర్వేయరు గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"అవసరం లేదు లేరా. నా తిప్పలు నేను పడతా" అన్నాను.

పాకాలలో వడ్డీ వ్యాపారం చేసే రూపేష్ దగ్గరికి పోయాను. రోడ్డు పక్క నేల అతనికి తాకట్టు రాసిచ్చి డబ్బు తెచ్చాను. వేసవి లోపల తీర్చకపోతే నేల అతనిది. బయటివాడు కాబట్టి అతని మీద నాకు అనుమానం లేదు. అతనికి కావలసింది ఏమిటో మొహం మీదే రాసి ఉంది. అమల మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. "ఇంటోణ్ణి కాదని బయటోడికి ఇస్తివే" అంది.

అబద్ధం ఎందుకు, బెల్లం అమ్ముడుపోయింది. హృషీకేశ్ ఫోనులో ఏం చేశాడో ఏమో, తిరుపతి నుంచి, చెన్నై నుంచి అడగడం మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నాలు కార్లు వచ్చి వంపులో ఆగేవి. దిగినవాళ్ళు బండ దగ్గర చెంబుతో చెరుకు పాలు తాగి, పిల్లల్ని బండ మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్ళు. కేక పెడితే ప్యాంటు మడిచి కడ్డీ పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక చెన్నై ఆయన అరచేతులు ఎర్రగా కందితే వాటిని కూడా ఫోటో తీసుకున్నాడు. జోయల్ పని మానుకుని వచ్చి వాళ్ళకు కథలు చెప్పేవాడు. "ఈ పెనం మా తాత కాలంది సార్" అని కొత్త పెనం చూపించేవాడు. వాళ్ళు దానికి దండం పెట్టేవాళ్ళు.

నేను వాళ్ళ కళ్ళను చూసేవాణ్ణి. ఒకడు పెనం అంచు దగ్గర నిలబడి పాకం వచ్చిందని ఎట్లా తెలుస్తుందని అడిగాడు. ఇంకొకామె శొంఠి ఎంత వేస్తారని అడిగింది. బెల్లం కొనుక్కుని తినేవాడికి శొంఠి లెక్క ఎందుకు?

"అడగనివ్వండి అన్నా, తెలుసుకుంటే వాళ్ళకు నమ్మకం" అనేవాడు హృషీకేశ్.

అప్పుడే పెద్ద ఆర్డరు వచ్చింది. తిరుపతిలో ఒక పెళ్ళి. వచ్చిన ప్రతి ఇంటికీ తాంబూలంతో పాటు మా డబ్బా ఇస్తారట. ఆ ఒక్క ఆర్డరు ఇస్తే రూపేష్ అప్పు తీరుతుంది, నేల నాది నాకు వస్తుంది. పెళ్ళివాళ్ళు సరుకు చేతికి వచ్చాకే డబ్బు ఇస్తామన్నారు. సరే అన్నాను.

ఆ వారంలోనే చిత్తూరు బస్టాండులో ఒక కొట్టు ముందు ఆగిపోయాను. అద్దం వెనక రేకు డబ్బా. దాని మీద ఒక అవ్వ. చేతిలో చెంబు.

మా అమ్మ కాదు. వేరే అవ్వ, వేరే పేరు. కానీ చెంబు చాపిన తీరు అదే. ఆ డబ్బా కొనుక్కుని వచ్చి హృషీకేశ్ ముందు పెట్టాను. జోయల్ కూడా ఉన్నాడు.

"ఇది ఎవరు ఇచ్చినారు వాళ్ళకు?"

హృషీకేశ్ డబ్బా తిప్పి చూశాడు. "మంచిదే అన్నా. కాపీ కొడుతున్నారంటే మన పేరు నిలబడిందని. వాళ్ళ దగ్గర బొమ్మ ఉంది, బండ లేదు. చెంబు లేదు, కేక లేదు. మీరు వాకిలి తెరిచి పెట్టుకోండి చాలు. వాళ్ళు చేయలేనిది అదొక్కటే."

"వాకిలి తెరిచి పెట్టుకునే కదా ఇది జరిగింది?"

"అన్నా, దారిన పోయేవాళ్ళకు పాలు ఇచ్చేది మన జిల్లాలో పెద్దమ్మ ఒక్కతేనా?" అన్నాడు జోయల్. "మనం ఏమన్నా ఆ యవ్వను కన్నామా, పెంచినామా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఒకేసారి మొదలై ఒకేసారి ఆగింది. ముందే మాట్లాడుకోనివాళ్ళు అట్లా నవ్వరు.

మరుసటి వారం గానుగ చుట్టూ రేకులు నిలబెట్టించాను. వాకిటికి ఇనుప గేటు. గేటుకు తాళం. "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అని బోర్డు. బిందె, చెంబు తీసి లోపల పెట్టాను. పెళ్ళికని తీసిన బెల్లం డబ్బాల్లోకి ఎక్కిస్తూ, ఆ డబ్బాలన్నీ కొట్టంలోనే పేర్చాను. ఇంట్లో పెడితే కిటికీలు ఉన్నాయి. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

గొర్రెల కాపరి తిరుమలయ్య గేటు ముందు కాసేపు నిలబడి, చదవడం రాకపోయినా బోర్డు వైపు చూసి, గొర్రెల్ని రోడ్డు అవతలి వైపుకు మళ్ళించుకుపోయాడు. ఆ రోజు నుంచి అందరూ అవతలి వైపునే నడిచారు.

జోయల్ మాత్రం గేటు పట్టుకుని ఊపాడు. "అన్నా! రేపు కేక పెడితే మేము యాడనుంచి రావాల? రేకుల మీద నుంచి దూకాల్నా? నాకు మోకాళ్ళ నొప్పులు కదబ్బా."

"నువ్వు రావద్దులే. గుడియాత్తం నుంచి కూలోళ్ళను పిలిపించినా."

"బెల్లం తినేదానికి కూడా రావద్దా?"

"డబ్బా కొనుక్కో."

వాడి మొహం మారింది. అది బాధ అని అమల అంటుంది. నాకు కోపంగా కనిపించింది.

తమిళనాడు సరిహద్దు దాటి వచ్చిన ఆ గుడియాత్తం వాళ్ళు పనిమంతులే. కానీ వాళ్ళు ఎవరి మనుషులో నాకేం తెలుసు? సాయంత్రం వాళ్ళు వెళ్ళేటప్పుడు క్యారియర్లు తెరిపించి చూసేవాణ్ణి. మొదటి రోజు వాళ్ళు నవ్వుకున్నారు. తరవాత నవ్వలేదు. ఆర్డరులో చివరి పెనం కాగుతున్న రోజు, మధ్యాహ్నం అన్నాల వేళ, మేస్త్రి సంచిలో బెల్లం ముక్క ఒకటి కనిపించింది.

"ఇది ఏందబ్బా?"

"బిడ్డకు సామీ. గానుగ పనికి పోయినోడు బెల్లం లేకుండా ఇంటికి పోతే బిడ్డ ఏమనుకుంటాది? మా ఊర్ల ఎవురూ అడగరు."

"మీ ఊర్ల అడగరేమో. ఇది లెక్క ఉండే బెల్లం."

అతను ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏంది సామీ ఇది... మేము దొంగలమా?" అన్నాడు మెల్లగా. మిగిలినవాళ్ళు కూడా లేచారు. నేనే గేటు తీసి పంపించాను. వాళ్ళు బస్సు కోసం వంపు దగ్గర నిలబడి ఉండగానే మళ్ళీ తాళం వేశాను.

లోపలికి వచ్చేసరికి పెనంలో నురుగు రంగు తిరుగుతోంది. పెద్ద పెద్ద బుడగలు పోయి చిన్నవి వస్తున్నాయి. తెడ్డు ఎత్తితే తీగ సాగుతోంది. అంటే ఇక ఎంతోసేపు లేదు. పొయ్యి ముందు అమల. పెనం దగ్గర నేను. ఇద్దరమే.

పచ్చి చెరుకు పాలు కుమ్మరిస్తే పాకం చల్లబడేది. కానీ పెనం మొత్తం పాడయ్యేది, పెళ్ళి రోజుకు మళ్ళీ కాగబెట్టే వ్యవధి లేదు. నేను పోయలేదు. ఏ బెల్లం రైతూ పోయడు.

"కేక పెట్టు!" అంది అమల.

"కూలోళ్ళు ఇంకా బస్సెక్కి ఉండరు..."

"కేక పెట్టయ్యా!"

పెట్టాను. తెడ్డు వదలకుండా, నిలబడ్డచోటనే గొంతు చించుకుని "పెనమోయ్!" అన్నాను. రేకులకు తగిలి నా కేక నాకే వినిపించింది.

అరనిమిషం కూడా కాలేదు. గేటు మోగింది.

"అన్నా! తలుపు తీ!"

జోయల్ గొంతు. వాడి వెనక ఇంకా కాళ్ళ చప్పుడు, మనుషుల మాటలు, తిరుమలయ్య ఈల. రోడ్డుకు అవతలి వైపు నడిచిపోయిన మనుషులే, కేక వినగానే పరిగెత్తి వచ్చారు.

"తాళం వేసి ఉండాది! చెవి యాడ?"

అమల ఒక్క గెంతున నా దగ్గరికి వచ్చి మొలతాడుకు చెయ్యి వేసింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని అడిగాను:

"వాడు ఇంత బిరీన ఎట్ల వచ్చినాడు?"

"నువ్వు పిలిస్తే వచ్చినాడు!"

"వాని మడి యాడ, ఈడ యాడ? రేకుల వెనకాల్నే ఉన్నట్టుండాదే?"

"సెయ్యి వదులు! మాడతా ఉండాది, సూడు!"

ఇప్పటికీ నేను అడిగే ప్రశ్న అదే. ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. అమల మొలతాడు తెంపి చెవి తీసుకుని పరిగెత్తింది. ఆమె గేటు దాకా పోలేదు. నా వెనక చిటపటమంది. పాకం పొంగి పెనం అంచు దాటి పొయ్యిలోకి దిగింది. మంట గుప్పున లేచి పిప్పి కుప్పను అందుకుంది. ఎండిన పిప్పి, పైన చెరుకాకు కప్పు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గేటు ఊడి పడింది. జోయల్ గడ్డపారతో ఊడబెరికాడు. నన్ను ఒకరు, అమలను ఒకరు బయటికి ఈడ్చారు. వాడు, ఇంకో ముగ్గురు తడిపిన గోతాలు కప్పుకుని లోపలికి పోయి గానుగ మిషన్ను తాళ్ళతో బయటికి లాగారు. డబ్బాల జోలికి పోలేకపోయారు. నేను రోడ్డు మీద కూర్చుని చూస్తున్నాను. గడ్డపార. ఒక మనిషి పెనం కేకకు వస్తూ గడ్డపార ఎందుకు తెచ్చుకుంటాడు?

"కాలవకు గండి కొడతా ఉన్న్యా అన్నా. చేతిలో ఉండేది ఉన్నట్టే వచ్చినా" అన్నాడు తరవాత. వాడి ముంజేయి మీద చర్మం ఊడింది. దానికి ఆకు పసరు కూడా నన్ను రాయనివ్వలేదు. నేను రాస్తాననీ అనలేదు.

మంటలు చల్లారాక చూస్తే డబ్బాలు అట్లాగే పేర్చి ఉన్నాయి. రేకు కాలదు కదా. లోపల బెల్లం కరిగి నల్లటి తారులాగా కారింది. పైన రంగు బొబ్బలు లేచింది. ఒక్క దాని మీద కూడా మా అమ్మ మొహం మిగల్లేదు. కొన్నిటి మీద చెంబు మాత్రం ఉంది.

హృషీకేశ్ ఆ సాయంత్రమే వచ్చాడు. పెళ్ళివాళ్ళ దగ్గర తలవంచుకుని తనే చెప్పుకున్నాడట. వెళ్ళేటప్పుడు "మళ్ళీ మొదలుపెడదాం అన్నా" అన్నాడు. అన్నీ పోయిన తరవాత కూడా వదలనివాడికి ఇంకా ఏదో కావాలన్నమాట.

వేసవి వచ్చింది. రూపేష్ మాట తప్పలేదు, నేల తీసుకున్నాడు. నెల తిరక్కుండా దాన్ని అమ్మకానికి పెట్టాడు. పెట్రోలు బంకువాళ్ళు చూసి పోయారు. చివరికి కొన్నది జోయల్. బోరు మడి అమ్మి కొన్నాడు. రోడ్డు యాడికి పోతాది అన్నవాడు.

కొన్న రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"బంకు వస్తే పెద్దమ్మ బండను పగలగొట్టి ఉందురు అన్నా. అందుకే తీసుకుంటి. గానుగ మళ్ళా వేస్తాం. పాకం నువ్వే పట్టాల. సగం నీది, సగం నాది. నీ కాడ ఉన్నప్పుడు ఎట్ల ఉండెనో అట్లనే."

"నా కాడ ఉన్నప్పుడు మొత్తం నాదిరా" అన్నాను.

వాడు వెళ్ళిపోయాడు. అమల ఆ రోజు నాతో ఒక మాట అంది, అది ఇక్కడ రాయను. తరవాత ఆమె పొద్దున్నే లేచి గానుగకు పోయి అచ్చులు తీయడం మొదలుపెట్టింది. నాకు చెప్పే పోయింది. నేను వద్దనలేదు.

ఇప్పుడు అక్కడ గేటు లేదు, రేకులు లేవు. బండ మీద బిందె, చెంబు పెట్టారు. కార్లు ఆగుతున్నాయి. డబ్బా మీద మా అమ్మ మళ్ళీ వచ్చింది, "ఆనందమ్మ బెల్లం" అని అదే పేరు. తిరుపతిలో పెద్ద పెద్ద కొట్లలో ఉందట. వాడికి పెద్దమ్మ కాబట్టి వాడికీ హక్కు ఉందంటారు. పెద్దమ్మ వేరు, అమ్మ వేరు. ఆ తేడా డబ్బా మీద రాయరు.

నాకు ఇంటి వెనక కొంచెం మిట్ట చేను మిగిలింది. మొన్న అక్కడ శనక్కాయ పీకుతున్నాను. మధ్యాహ్నం గాలి అటు నుంచి వీస్తోంది. కేక వినబడింది.

"పెనమోయ్!"

జోయల్ గొంతే. నేను పీకుతూనే ఉన్నాను. రెండోసారి వినబడింది. అది కొంచెం గాబరాగా ఉంది. ఆదివారం కాదు కాబట్టి కార్లవాళ్ళు ఉండరు. తిరుమలయ్య గొర్రెల్ని కొండ వైపుకు తోలుకుపోవడం పొద్దున నేనే చూశాను. అంటే మనుషులు తక్కువయ్యారు.

నన్ను రప్పించడానికే కావాలని కేక పెడుతున్నాడేమో అనుకున్నాను. అనుకుంటూనే పరిగెత్తుతున్నాను. కాళ్ళు నా మాట వినలేదు. పెనం కేక వినీ పోకుండా ఉండటం మా నాయన నాకు నేర్పలేదు.

పోయేసరికి అయిదుగురు ఉన్నారు. అమల తెడ్డు పట్టుకుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. నేను ఒక కడ్డీ కొస పట్టాను. రెండో కొస జోయల్ చేతిలో ఉంది, ఆ ముంజేయి మీద మచ్చ గులాబీ రంగులో మెరుస్తోంది. "ఎత్తు" అన్నాడు. ఎత్తాం. తొట్టిలో ఒంపాం. పాకం ఒక్క చుక్క కింద పడలేదు.

అమల ఆకులో వేడి బెల్లం పెట్టి ఇచ్చింది. నేను వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి చూశాను.

"ఏందన్నా, మందు వేసినామా అని సూస్తా ఉండావా?" అన్నాడు జోయల్, చెమట తుడుచుకుంటూ.

"అవును."

నాలుక మీద పెట్టుకున్నాను. మందు లేదు. ఆ రోజుకు లేదు. రేపటి సంగతి ఎవరు చూశారు?

ఆకు అక్కడే పెట్టి, బండ పక్కగా రోడ్డెక్కి వచ్చేశాను. నేను పోగొట్టుకున్నది, పట్టా పుస్తకంలో నా పేరు కొట్టేసిన చోట రాసి ఉన్నది, ఇంతే: రోడ్డు వంపులో, గానుగతో, బండతో కలిపి, ఒక ఎకరా పద్దెనిమిది సెంట్లు.